అన్నీ ఎడమ చేతులే

తొంభై ఆరు కోటు చేతులు కోత బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. ఎటు నుంచి చూసినా, ఎవరు చూసినా, అన్నీ ఎడమవే.

బస్సు కండక్టర్లకి చలికోట్లు, నలభై ఎనిమిది. గురువారం పొద్దున్నే వాళ్ళ డిపోకి చేరాలి. ఇవాళ సోమవారం. వీపు ముక్కలు సిద్ధంగా ఉన్నాయి, ముందు ముక్కలు ఉన్నాయి, కాలర్లూ జేబులూ ఉన్నాయి. కుడి చెయ్యి ఒక్కటంటే ఒక్కటి లేదు.

"రెండూ ఎడమ చేతులే ఉన్న కండక్టర్లు ఎక్కడైనా దొరుకుతారేమో వెతకండి" అంది బొత్తాలు కుట్టే ముసలావిడ. అరవై నాలుగేళ్ళ ఆవిణ్ణి కొట్లో అందరూ బొత్తాలవ్వ అంటారు. మామూలు రోజైతే ఆ మాటకి పగలబడి నవ్వేవాళ్ళే. ఇవాళ కుట్టు మిషన్ల ముందున్న ఆరుగురిలో ఒక్కరూ తలెత్తలేదు.

కత్తెరమ్మ బల్లకి అవతల నిలబడి ఉంది. పాతికేళ్ళుగా ఈ కొట్లో కోత పని ఆవిడదే. బట్టని ఒక్కసారి తడిమి, తడిస్తే ఎంత కుంచించుకుపోతుందో చెప్పగలదు. మనిషిని ఒక్కసారి చూసి ఏ భుజం వాలిందో చెప్పగలదు. ఆ పేరు పెట్టింది మామగారు. ఆయన పోయాక కొట్టు అన్నదమ్ములిద్దరిదీ అయింది. పెద్దవాడు, అంటే ఆవిడ భర్త, మాస్టరు. బట్ట పరవడం, కుట్టిన కోటు ఒంటికి పట్టేలా సరిచూడడం ఆయన పని. చిన్నవాడు, అంటే మరిది, ఆర్డర్లు తెస్తాడు, గడువులు చూస్తాడు, వచ్చిపోయే వాళ్ళతో మాట్లాడతాడు.

ఆ మాట్లాడే మరిదే ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆసుపత్రిలో రోగి మంచం పక్కన మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడాడు. ఇది ఎవరికైనా జరగొచ్చన్నాడు. వదిన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ సొంత కొట్లు పెట్టుకున్నారన్నాడు. పోయిన నెల ఒక పెద్దమనిషికి కొలతలు తీస్తూ 'భుజం' అన్న మాట గుర్తురాక ఆవిడ తన భుజం తట్టి చూపించిన సంగతి, ఆ తర్వాత ఇస్త్రీపెట్టె ఆపకుండా వదిలేసిన సంగతి, ఊరికే తలుచుకుంటున్నట్టు తలుచుకున్నాడు. అన్నీ జరిగినవే. అందుకే ఆవిడకి ఒళ్ళు మండింది.

"తప్పు నీది కాదు వదినా, వయసుది" అన్నాడు. "ఆడవాళ్ళకి ఈ వయసులో ఇంతే. ఇకనుంచి కోడలు పిల్ల బల్ల దగ్గర నిలబడుతుంది. నువ్వు అవ్వ పక్కన కూర్చుని బొత్తాలు చూసుకో. కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

కత్తెరమ్మ కోడలు మిషను మీంచి చప్పున తలెత్తింది. ఆ పిల్ల కుట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది గానీ, ఇంతవరకు సొంతంగా కోసింది రెండు కిటికీ తెరలు. అవి కూడా ఒకటి పొట్టిది వచ్చింది. బెదిరిపోయి అత్త వంక చూసింది.

కత్తెరమ్మ భర్త వంక చూసింది. మాస్టరు కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, మెడలో వేలాడే టేపుని వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుడుతున్నాడు. ఒక్క మాటైనా అంటాడని ఎదురుచూసింది. ఆయన అనలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది, ఈమధ్య ఒంట్లోంచి తన్నుకొచ్చే ఆవిరి. గుండెల్లో మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకింది. ముఖం ఎర్రబడి నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. గదిలో ఉన్న కళ్ళన్నీ ఆ చెమట మీదికే పోయాయి. కావలసిన రుజువు దొరికిందన్నట్టు మరిది జాలిగా తల ఊపాడు.

ఆవిడ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంది. దాచుకోకుండా, తీరిగ్గా, మెడ కూడా తుడుచుకుంది.

"సాయంత్రం దాకా బల్ల నాదే. అప్పుడు మాట్లాడదాం" అంది.

మిల్లు నుంచి కొత్త బట్ట తాను మూడింటికి గానీ రాదు. ఈలోగా బల్ల దగ్గర ఎవరు నిలబడినా చేసేదేమీ లేదు కాబట్టి మరిది సరేనన్నాడు.

అందరూ టీలకి లేచాక కత్తెరమ్మ బల్ల మీంచి ఒక చెయ్యి తీసుకుంది. నిజానికి ఆవిడకీ తన మీద అనుమానంగానే ఉంది. నాలుగు నెలలుగా నిద్ర మూడు గంటలు దాటడం లేదు. చేతిలో సుద్ద పెట్టుకుని సుద్ద కోసం వెతుక్కుంటోంది. కోడల్ని పిలవబోయి పేరు తట్టక, "ఇదిగో, నిన్నే" అనేస్తోంది. ఈ గీతలు కూడా తనే తప్పు గీసి ఉంటుందని పొద్దుట్నుంచి లోలోపల ఒప్పేసుకుంది.

గీత తప్పలేదు. మోచేతి దగ్గర వంపు, చంక దగ్గర వంపు, నమూనా కాగితంతో అచ్చంగా సరిపోయాయి. ఇంకోటి తీసి చూసింది. అదీ అంతే. పదో చెయ్యి దాకా చూశాక చూడ్డం మానేసింది.

ఆ బట్టకి ఒక వైపు మెత్తటి నూగు ఉంటుంది, ఒక వైపు నున్నగా ఉంటుంది. నూగు వైపు ముఖం, కోటుకి అదే బయటికి కనబడాలి; నున్నటి వైపు వీపు. చేతులు కోసేటప్పుడు పొరల్ని జతలు జతలుగా, ముఖాలు ఎదురెదురుగా పెట్టి పరవాలి. అప్పుడు ఒకే గీత మీద కోత మిషను నడిపినా ఒక పొరలో ఎడమ చెయ్యి వస్తుంది, దాని జత పొరలో కుడి చెయ్యి వస్తుంది. ముఖాలన్నీ పైకే పెట్టి పరిచేస్తే మాత్రం వచ్చేవన్నీ ఒక చేతివే. ఎనిమిది పొరలు, పొరకి పన్నెండు. తొంభై ఆరూ ఎడమవే.

అంటే తప్పు గీతలో లేదు, కోతలో లేదు. పరవడంలో ఉంది. పరిచింది మాస్టరు.

శనివారం జరిగింది ఆవిడకి ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కొలబద్ద పెట్టబోతూ "ఎదురెదురేగా?" అని అడిగింది. ఎప్పుడూ అడిగే మాటే. ఆయన "ఆఁ" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. అడిగాక కూడా ఒక మూల ఎత్తి చూసుకోవడం ఆవిడ అలవాటు. ఆ రోజు చూడలేదు. ఆవిరి కమ్మేస్తే కుళాయి దగ్గరికి పరిగెత్తి, మొహం కడుక్కొచ్చి, వస్తూనే సుద్ద పట్టుకుంది.

బొత్తాలవ్వని పిలిచి చూపించింది. ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని నాలుగు ముక్కలు అటూ ఇటూ తిప్పింది. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"నీ వయసులో నన్నూ ఇలాగే కాలర్ల దగ్గర్నుంచి లేపి బొత్తాల దగ్గర కూర్చోబెట్టారమ్మాయ్. నాకు నిజంగానే చేతకావడం లేదు కాబోలనుకుని కూర్చున్నాను. పన్నెండేళ్ళయింది. ఇంకా లేవలేదు."

పదకొండింటికి కత్తెరమ్మ చెప్పులు వేసుకుని బయల్దేరింది. పని ఇంత తగలబడి ఉంటే ఆసుపత్రికి ఎలా వెళతావని మరిది అడిగాడు. తగలబడింది కాబట్టే వెళుతున్నానంది.

ఆవిడకి కూతురుంటే ఈ డాక్టరమ్మంత ఉంటుంది. పోయిన వారం చేసిన పరీక్షల కాగితాలన్నీ ముందేసుకుని, తొందరపడకుండా ఒక్కొక్కటే విప్పి చెప్పింది. ఇన్నాళ్ళూ ఒంట్లో తయారైన హార్మోను ఇప్పుడు దాదాపు ఆగిపోయింది. ఆవిర్లు రావడం దానివల్లే. నిద్ర చెడింది కూడా దానివల్లే. నిద్ర లేకపోతే నోటిదాకా వచ్చిన మాట జారిపోతుంది, చాలామందికి అంతే. ఎముకలు కొంచెం పలచబడ్డాయి, వాటి సంగతి చూసుకోవాలి. పరీక్షల్లో అడ్డొచ్చేదేమీ లేదు కాబట్టి ఒంటికి అతికించుకునే మందు పట్టీలు, వాటితో పాటు ఒక మాత్ర రాసిస్తానంది. అందరికీ ఇవి పడవు, మీకు పడతాయనే అనుకుంటున్నాను, మూడు నెలలకి మళ్ళీ చూద్దాం, అంది.

ఆవిడకి కావలసింది ఒక్క జవాబు. అడగడానికి భయపడుతూనే అడిగింది. నేనింక కోత పని చెయ్యగలనా?

"ఎందుకు చెయ్యలేరు? చేతికేమీ కాలేదు. బుర్రకీ ఏమీ కాలేదు. మీకు నిద్ర కావాలి, అంతే."

కత్తెరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు నెలలుగా ఆ మాట ఎవరో ఒకరు అంటారేమోనని కాచుకుని ఉంది, ఇంట్లోవాళ్ళెవరూ అనలేదు.

లేవబోతూ ఇంకో మాట అడిగింది. మగవాళ్ళకీ ఉంటుందా ఇలాంటిది? ఉంటుంది గానీ మనలా కాదంది డాక్టరమ్మ. వాళ్ళకి ఆగిపోదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం తగ్గుతుంది, కొందరికి మరీ తగ్గిపోతుంది. బలం పోతుంది, హుషారు పోతుంది, కోరిక పోతుంది. అయితే చక్కెర జబ్బున్నా, థైరాయిడ్ చెడినా, మనసులో దిగులున్నా ఇలాగే ఉంటుంది కాబట్టి పొద్దున్నే రక్తం తీసి చూడందే ఏదీ చెప్పకూడదు.

"ముందు మనిషంటూ రావాలి కదమ్మా" అంది నవ్వుతూ. "ఆడవాళ్ళు ఆలస్యంగానైనా వస్తారు. మగవాళ్ళని పెళ్ళాలు తోసుకురావాలి."

వచ్చే దారంతా కత్తెరమ్మ భర్త గురించే ఆలోచించింది. ఆయన బెల్టుకి ఈ ఏడాది తనే రెండు కొత్త రంధ్రాలు వేసింది. బూటు తాడు కట్టుకోవడానికి ఇప్పుడు కూర్చుంటున్నాడు. పక్క మీద గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. వేటికవి విడివిడిగా చూసింది గానీ కలిపి చూడలేదు. బట్టలో ఇంత చిన్న లోపం పట్టే కళ్ళు, ఇంట్లో మనిషిని పట్టలేదు.

మాస్టరు మేడ మీది గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. భోజనం కంచం మూత తియ్యకుండా అలాగే ఉంది. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి ఒక కోటు చెయ్యి తీసి ఆయన మోకాళ్ళ మీద పెట్టింది. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు.

కింద ఎవరో ఇస్త్రీ చేస్తుంటే తడి బట్ట చుయ్యిమంటోంది.

"తాను తిప్పలేకపోయాను" అన్నాడు చివరికి.

నూగు బట్టతో ఆ బాధ ఒకటుంది. మామూలు బట్టలా మడత మీద మడత వేసుకుంటూ పోతే నూగు వాలు ఒక చేతిలో భుజం వైపుకి, దాని జతలో మణికట్టు వైపుకి తిరిగిపోతుంది. అందుకని ఒక పొర పరిచి, అక్కడికి బట్ట తెగ్గోసి, తానుని రెండు చేతులా ఎత్తి, ఈ కొస ఆ వైపుకి వచ్చేలా తిప్పి పెట్టి, మళ్ళీ పరవాలి. పొర పొరకీ ఇదే తంతు. తాను ముప్పై కిలోలుంటుంది. దాన్ని ఆయన ఇన్నేళ్ళూ దిండు తిప్పినట్టు తిప్పేవాడు. శనివారం ఎత్తబోతే మోచేతుల నుంచి వణుకొచ్చింది. మిషన్ల దగ్గరివాళ్ళు చూస్తారేమోనని దించేశాడు. తిప్పకుండానే, కొస పట్టి లాక్కుంటూ ఎనిమిది పొరలూ పరిచేశాడు. నువ్వెలాగూ మూల ఎత్తి చూస్తావు, అప్పుడు ఏదో ఒకటి చెప్పొచ్చులే అనుకున్నాడట. నువ్వు చూడలేదు, అన్నాడు.

ఇది శనివారం మొదలైంది కాదన్నాడు. ఏడాదైంది. మెట్లెక్కితే కాళ్ళు పీకుతాయి. మధ్యాహ్నం కూర్చుంటే కునుకొస్తుంది. రేడియోలో ఏదో పాట వస్తే ఎందుకో తెలియకుండా ఏడుపొస్తుంది. గోడ వైపు ఎందుకు తిరుగుతున్నాడో అది కూడా చెప్పాడు, సగం మాటలు మింగేస్తూ.

కత్తెరమ్మకి ముందు జాలి వేసింది. జాలి వెనకే కోపం వచ్చింది, ఈసారి ఆవిరి లేకుండానే ఒళ్ళంతా కాలింది. తన చెమటా, తన ముడతలూ చూసే ఈయన మొహం తిప్పుకున్నాడని ఏడాదిగా అద్దం ముందు కుమిలిపోయింది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఇవాళ పొద్దున కూడా విప్పలేదు.

"ఈ ఒక్కటీ నీ మీద పోనియ్యి" అన్నాడు మాస్టరు. "నీదైతే అందరికీ తెలిసిందే, అయ్యో పాపం అనుకుని ఊరుకుంటారు. నాది బయటపడితే ఊరుకోరు. మాస్టరు పనైపోయిందంటారు."

"నా వయసు మీరు కప్పుకునే దుప్పటి కాదండీ."

ఆయన తలెత్తాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ అరవగా విన్నాడు గానీ, ఇంత నెమ్మదిగా అంత మాట అనగా వినలేదు.

"మూల ఎత్తి చూడకపోవడం నా తప్పు" అంది. "అది నాదేనని అందరి ముందూ చెబుతాను. తాను తిప్పకపోవడం మీ తప్పు. అది మీరు చెప్పాలి. రెండూ కలిపి నా నెత్తిన రుద్దితే నేను బొత్తాల దగ్గర కూర్చోవాలి. ఒకసారి కూర్చుంటే మళ్ళీ ఎవరూ లేపరు. నాకు ఇంకా పదేళ్ళు కొయ్యాలని ఉంది."

రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రక్తం ఇవ్వాలని, డాక్టరమ్మకి చెప్పి వచ్చానని కూడా అంది.

"నన్నడక్కుండానా?"

"నన్నడిగే బల్ల దింపుతున్నారా?"

ఆవిడ మూత తీసి కంచం ఆయన ముందుకి జరిపి, కిందికి దిగిపోయింది.

మూడింటికి తాను వచ్చింది. మిల్లు వాళ్ళు గుమ్మం లోపల గోడ వారన పడుకోబెట్టి వెళ్ళిపోయారు. మాస్టరు కూడా దిగి వచ్చి దాని పక్కన నిలబడ్డాడు. సాయంత్రం దాకా ఆగుతానన్న మరిది ఆగలేదు. కోడల్ని పిలిచి సుద్ద చేతిలో పెట్టాడు. ఆ పిల్ల సుద్దని రెండు క్షణాలు పట్టుకుని, తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టి, తిరిగి తన మిషను దగ్గర కూర్చుంది.

"నాకు రాదు చిన్నమామయ్యా. అత్తయ్య నేర్పితే నేర్చుకుంటాను. అత్తయ్యని లేపేసి మాత్రం నేర్చుకోను" అంది తల వంచుకునే.

కత్తెరమ్మ గొంతు సవరించుకుంది. పనివాళ్ళందర్నీ ఒక్క నిమిషం ఇటు చూడమంది. ఆవిడ చెప్పబోయేలాంటి మాటలు ఆ కొట్లో గోడల చాటునే తప్ప ఎన్నడూ పైకి వినపడలేదు.

"నాకు యాభై ఒకటి. ముట్లు ఆగిపోయి పధ్నాలుగు నెలలైంది."

మరిది గోడ మీది క్యాలెండరులో ఏదో అర్జంటు తేదీ వెతకడం మొదలుపెట్టాడు.

"ఆవిర్లొస్తాయి. నిద్ర పట్టదు. ఒక్కోసారి మాట అందదు. మందు మొదలుపెడుతున్నాను. ఇకనుంచి ఈ కిటికీ తెరిచే ఉంటుంది, ఫ్యాను ఇక్కడే తిరుగుతుంది, కాగితాలు ఎగరకుండా బరువులు నేను పెట్టుకుంటాను. శనివారం పొరల మూల ఎత్తి చూడలేదు, అది నా తప్పు. దానికి నన్నేమన్నా పడతాను. బల్ల మాత్రం దిగను."

బొత్తాలవ్వ ఒళ్ళోని డబ్బా పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. వీధిలోంచి చల్లగాలి లోపలికి కొట్టింది.

"ఏమండీ, ఆ కొస మీరు పట్టండి. ఈ కొస నేను పడతాను" అంది కత్తెరమ్మ.

"ఇద్దరెందుకు వదినా?" అన్నాడు మరిది, క్యాలెండరు వదిలేసి. "అన్నయ్య ఒక్కడే కదా ఎప్పుడూ తిప్పేది."

ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. జవాబు కత్తెరమ్మ నాలుక చివర ఉంది. అనేస్తే ఒక్క క్షణంలో తను గెలిచేది. పళ్ళు బిగపట్టుకుని ఊరుకుంది. అది తను చెప్పాల్సింది కాదు. చెప్పకుండా ఆయన మళ్ళీ టేపు వేలికి చుట్టుకుంటే ఇక ఈ మనిషితో మాటల్లేవని మాత్రం మనసులో అనేసుకుంది.

మాస్టరు నేల వైపు చూశాడు. తర్వాత తమ్ముడి వైపు చూశాడు.

"శనివారం తిప్పలేదురా. తిప్పలేకపోయాను. ఏడాదిగా ఒంట్లో బలం ఉండటం లేదు. చేతులన్నీ ఎడమవి చేసింది మీ వదిన కాదు, నేను."

మరిది మొహంలో పొద్దుట్నుంచి ఉన్న జాలి చెదిరిపోయింది. దాని చోట భయం వచ్చింది. అన్న చేతుల్ని చూశాడు, వదిన మొహం చూశాడు, గుమ్మం పక్కన వేలాడే గడువుల పలకని చూశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ మెత్తదనం లేదు.

"అయితే ఇద్దరూ దిగండి" అన్నాడు. "వదిన ఒక్కతే అనుకున్నాను. ఇద్దరూ ఇలా అయితే నేనీ కొట్టు ఎలా నడపను? కోతకీ, పరవడానికీ బయటి మనుషుల్ని మాట్లాడతాను. ఇవాళే."

అని ఊరుకోలేదు. వెళ్ళి కోత బల్లకి అడ్డంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కత్తెరమ్మ తువ్వాలు నడుముకి బిగించి తన కొస కిందికి చేతులు పోనిచ్చింది.

"ఎత్తండి" అంది భర్తతో.

తాను లేచింది. మాస్టరు చేతులు వణికాయి, ఆ వణుకు బట్ట గుండా ఆవిడ చేతుల్లోకి వచ్చింది. గదిలో అందరికీ కనిపించింది. ఆయన దించలేదు. మరిది పక్కకి జరగలేదు. ఇద్దరూ ముప్పై కిలోల తానుని మోసుకుంటూ నేరుగా అతని మీదికే నడిచారు.